దిగడం, దించడం

జనవరి 27, మంగళవారం

ఆళ్లగడ్డ స్కూలు నుంచి నంద్యాల ఇంటికి పోయే బస్సులో రాస్తున్నాను. శిరివెళ్ల దాటింది. అక్షరాలు వంకర పోతున్నాయి, పోనీ.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలు రాసేవాళ్ల తుది జాబితా ఈరోజు స్కూలుకు వచ్చింది. మా స్కూలు నుంచి నలభై ఒక్క మంది ఉండాలి. నలభై మందే ఉన్నారు. షిఫా పేరు లేదు. క్లాసులో మొదటి ముగ్గురిలో ఉండే పిల్ల.

హెడ్‌మిస్ట్రెస్ ప్రసన్నకుమారి మేడం కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చున్నారు. కళ్లద్దాలు తుడుచుకుని జాబితా ఇంకోసారి పై నుంచి కిందికి చదివారు.

"గీతా, పిల్లోల్ల వివరాలు కంప్యూటర్లో ఎక్కిచ్చింది నువ్వే గదా. షిఫా ఫారం యాడుండాది?"

"చూస్తా మేడం" అన్నాను.

మామూలు గడువు అయిపోయింది. ఆలస్య రుసుంతో కట్టే గడువూ అయిపోయింది. తత్కాల్ కూడా పోయిన వారమే ముగిసింది. జాబితాలో పేరు లేకపోతే హాల్ టికెట్ రాదు. హాల్ టికెట్ లేకపోతే ఏడాది పోయినట్టే.

స్టాఫ్ రూములో నా ఫైలంతా వెతికాను. లేదు.

జనవరి 28, బుధవారం

ఫైలు మళ్లీ చూశాను. లేదు. ఆఫీసులో ఎవరో ఎక్కడో పెట్టి ఉంటారు. అక్కడ ఏ కాగితం సరిగ్గా ఉంది కనుక.

జనవరి 30, శుక్రవారం

షిఫా వాళ్ల నాన్న వచ్చాడు. ఖాదర్ బాషా. ఆళ్లగడ్డ బస్టాండు వెనక సందులో మోటార్లకు వైండింగ్ చేస్తాడు. వేళ్లకు వార్నిష్ అంటుకుని ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేనే దగ్గరుండి సంతకం పెట్టినా మేడం. పాప చేతికి ఇచ్చి పంపిచ్చినా. ఫీజు రసీదు గూడ ఉండాది సూడండి. మల్ల పేరు ఎట్ల పోతాది?"

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. మేడం ఒక్కసారైనా నా వైపు చూస్తారనుకున్నాను. చూడలేదు.

"మేం పంపిచ్చిన జాబితా కింద సంతకం పెట్టింది నేను, ఖాదరన్నా" అన్నారు. "నలభై మందా, నలభై ఒకరా అని లెక్కబెట్టకుండా పెట్టినా. తప్పు నాది."

"తప్పు మీదైతే పరీచ్చ మా పాపకు ఎందుకు పోవల్ల మేడం?"

మేడం రసీదు తీసుకుని అంకెలు మళ్లీ చదివారు. లెక్కల టీచరు. 

అతను వెళ్లాక నేనేమైనా అనాల్సింది. ఏడో తరగతి నోట్సులు దిద్దాలని గుర్తొచ్చి వెళ్లిపోయాను. నిజంగానే దిద్దాల్సినవి చాలా ఉన్నాయి.

జనవరి 31, శనివారం

కరస్పాండెంట్ చెన్నకేశవులు సార్ ఇంటికి పిలిపించారు. స్కూలు ఆయనదే. కాఫీ ఇప్పించారు. పదకొండేళ్లలో ఆ ఇంట్లో నాకు కాఫీ ఇవ్వడం ఇదే మొదలు.

"ఊర్లో అందరూ మన స్కూలు గురించే మాట్లాడుకుంటాండారమ్మా. ఎవురో ఒకరు బాద్యత తీసుకోకుంటే జూన్లో అడ్మిషన్లు రావు. మేడంను స్టెప్ డౌన్ చేపిద్దాం. పెద్దామె, గౌరవంగా పంపిద్దాం. ఆ కుర్చీలో నువ్వు కూర్చో."

"నేనా సార్?"

"ఇంగెవరుండారు? నీకు ఇంగ్లీషు వస్తాది, కంప్యూటరు వస్తాది."

ఆలోచించి చెప్తానన్నాను. వద్దు అని కూడా అనొచ్చు. అనలేదు. ఎవరో ఒకరు చెయ్యాలి కదా, స్కూలు నడవాలి కదా. నేను అడిగి తెచ్చుకున్నది కాదు.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఇంట్లోనే ఉన్నాను. వంటింటి అలమరా సర్దాను. మధ్యాహ్నం మళ్లీ సర్దాను. సాయంత్రం డబ్బాలన్నీ దించి కాగితాలు మార్చాను.

హరీష్‌కు చెప్పాను. సంతోషపడ్డాడు. మా ఆయన, రైస్ మిల్లులో పన్నెండేళ్లుగా అదే కుర్చీలో ఉన్న మనిషి, నాకు కుర్చీ వస్తుందంటే తనకే వచ్చినట్టు లేచి వాళ్లమ్మకు ఫోను చేశాడు.

"ఇంగా ఏం ఖాయం కాలేదు" అన్నాను.

"అయితాదిలేవే. ఎందుకట్ల మొగం పెట్టుకున్యావ్?"

అద్దంలో చూసుకున్నాను. మామూలుగానే ఉంది.

ఫిబ్రవరి 2, సోమవారం

మూడో పీరియడ్, తొమ్మిదో తరగతి. ఫ్రేజల్ వెర్బ్స్. పోయిన నెల ప్లాన్‌లో రాసుకున్న పాఠం ఈరోజుకే రావాలా? దాటేసి ముందుకు పోదామనుకున్నాను. పిల్లలు అప్పటికే పుస్తకం తెరిచారు.

‘స్టెప్ డౌన్’ అని బోర్డు మీద రాశాను. పదవి నుంచి తనంతట తాను దిగిపోవడం అని చెప్పి సొంత వాక్యాలు రాయమన్నాను.

ఒకడు వాళ్ల తాత సంజామలలో బస్సు స్టెప్ డౌన్ అయ్యాడని రాశాడు. బస్సుకు ఈ మాట వాడకూడదని చెప్పాను. ఇంకో పిల్ల, మా క్లాస్ లీడర్ అబద్ధం చెప్పినందుకు స్టెప్డ్ డౌన్ అని రాసింది. వాక్యం సరిగ్గా ఉంది. రైట్ పెట్టాను. మరొకడు మేనేజర్ గుమాస్తాను స్టెప్ డౌన్ చేశాడని రాశాడు.

"ఇది తప్పు. ఈ క్రియకు కర్మ ఉండదు. ఒకరిని స్టెప్ డౌన్ చెయ్యలేము. ఎవరికి వాళ్లే దిగాలి" అన్నాను.

"మరి ఇంగొకరు దించితే ఏమంటారు మేడం?"

"దానికి వేరే మాట ఉంది."

"ఏం మాట మేడం?"

‘రిమూవ్’ అని రాశాను. సుద్దముక్క విరిగింది. గంట కొట్టకముందే బోర్డు తుడిచేశాను.

ఫిబ్రవరి 3, మంగళవారం

మేడం, ఖాదర్ బాషా కలిసి నంద్యాలలో విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లి వచ్చారు. ఒక దారి ఉందన్నారట. పిల్ల గడువులోపలే దరఖాస్తు చేసుకుందని రుజువు కావాలి. రసీదు ఒక్కటే చాలదు, అది స్కూలు ఫీజు రసీదు అని కూడా అనుకోవచ్చు. తేదీ, తండ్రి సంతకం, స్కూలు స్టాంపు ఉన్న అసలు ఫారం తెస్తే విజయవాడలో పరీక్షల విభాగానికి రాసి ప్రత్యేక అనుమతి అడుగుతారు. పదో తేదీ లోపల ఇవ్వాలి.

మేడం వచ్చీరాగానే చీర కుచ్చిళ్లు దోపుకుని ఆఫీసు బీరువాలన్నీ ఖాళీ చేశారు. యాభై ఏడేళ్ల మనిషి. బీరువా కింద చూడాలని నేల మీద పడుకున్నారు.

"గీతా, ఫోను లైటు కొట్టు ఈడ."

కొట్టాను. చనిపోయిన బల్లి, రెండు సుద్దముక్కలు, పాత హాజరు పట్టీ. అంతే.

లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకుని లేచారు.

ఫిబ్రవరి 4, బుధవారం

ఈరోజు ఏమీ రాయను.

ఫిబ్రవరి 5, గురువారం

మధ్యాహ్నం మేడం నన్ను కంప్యూటర్ గదికి పిలిచారు.

"సార్ మాట్లాడినాడు. దిగిపొమ్మంటాండాడు. నిన్ను కూర్చోపెడతాడంట. మంచిదే, బయటోళ్లు రాకుండా. నా ఇంగ్లీషు లెక్కల టీచరు ఇంగ్లీషు. నువ్వైతే మర్యాదగా రాస్తావ్. ఆ లెటరు కొట్టి ఇయ్యి."

కొట్టాను. ‘ఐ విష్ టు స్టెప్ డౌన్ యాజ్ హెడ్‌మిస్ట్రెస్’. మేడం నా భుజం మీదుగా చదివారు.

"డౌన్ అంటే కిందికి గదా? ముప్పై ఏండ్లలో పైకి పోయినట్ల నాకెప్పుడూ అనిపీలే. ఇంగ కిందికి దిగేదేముండాది" అని నవ్వారు.

నేను నవ్వలేదు. కారణం దగ్గర వ్యక్తిగత కారణాలు అని కొట్టాను. మేడం వేలు పెట్టి ఆపారు.

"అది తీసెయ్యి. షిఫా పేరు విషయంలో నా పొరపాటుకని రాయి. దాసేదేముండాది దాంట్లో?"

తీసేశాను. ఆమె చెప్పింది చెప్పినట్టే కొట్టాను. తప్పుల్లేవు, కామాలు కూడా సరిగ్గా ఉన్నాయి. మేడం సంతకం పెట్టి, ఈసారి రెండుసార్లు చదివి, కవరులో పెట్టుకుని సార్ ఇంటికి నడిచి వెళ్లారు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఫారం నా దగ్గరే ఉంది.

జనవరి 27న ఈ పుస్తకంలో ‘లేదు’ అని రాశాను. మర్నాడు మళ్లీ రాశాను. రెండూ అబద్ధాలు. ఆ రోజు ఫైలు తెరవగానే వెనక అరలో కనిపించింది. తీసి బ్యాగులో పెట్టుకున్నాను. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరి కోసం అబద్ధం రాశానో నాకు తెలియడం లేదు.

డిసెంబర్ 3న జరిగింది ఇది. షిఫా ఆధార్ కార్డులో పేరు ఒక రకంగా, స్కూలు రిజిస్టరులో ఇంకో రకంగా ఉంది. కంప్యూటర్ తీసుకోలేదు. మేడంను అడిగి రేపు ఎక్కిద్దామని పక్కన పెట్టాను. రేపు గుర్తురాలేదు. ఎల్లుండీ రాలేదు.

ఆ రోజు ఇంట్లో మా పాపకు జ్వరం, అందుకే తొందరగా వెళ్లాను అని రాస్తే బాగుంటుంది. జ్వరం లేదు. నాలుగున్నర బస్సు పోతే తర్వాతి బస్సులో నిలబడి రావాలి. అందుకు తొందర.

మరచిపోవడం వరకు ఎవరైనా చేస్తారు. ఈ పది రోజులు చేసింది మరుపు కాదు. బీరువా కింద లైటు కొట్టింది మరుపు కాదు. మొదట భయం వల్ల దాచాను. తర్వాత ఆ కుర్చీ కోసం దాచాను. రాశాను. ఇప్పుడు చదువుకుంటే అదే నిజంలా ఉంది.

పదో తేదీకి ఇంకా నాలుగు రోజులున్నాయి.

ఫిబ్రవరి 7, శనివారం

స్కూలు వదిలాక బస్టాండుకు వెళ్లలేదు. మేడం ఇంటికి వెళ్లాను. ఆమె ఒక్కరే ఉంటారు. జొన్నరొట్టెలు చేస్తున్నారు.

"రా గీతా, వేడిగా ఒకటి తిందువు" అన్నారు.

నిలబడే ఫారం అందించాను. పిండి చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకున్నారు. ముందు వైపు చదివారు, వెనక వైపు చదివారు.

"డిసెంబర్ ఒకటి. సంతకం ఉండాది. స్టాంపూ ఉండాది." ఆమె ముఖం వెలిగింది. "యాడ దొరికెనే? ఎప్పుడు?"

"నా ఫైల్లో. ఇరవై ఏడో తేదీనే దొరికింది మేడం."

కొంచెంసేపు ఆమెకు అర్థం కాలేదు. తర్వాత అయింది. పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. 

"పదకొండు దినాలు" అన్నారు. "నేను బీరువా కింద పండుకోని ఎతుకుతాంటే, నువ్వు లైటు పట్టుకోని నిలబడుకున్యావ్."

"తప్పయింది మేడం."

"లెటరు గూడ నీతోనే కొట్టిచ్చుకుంటి."

ఏడుపొచ్చింది. మేడం పొయ్యి ఆపారు.

"ఏడ్సేది ఇంటికి పోయి ఏడ్సుకో. నాకు యాభై ఏడు, ఆ బిడ్డకు పదిహేను. మొదలు దాని సంగతి సూడల్ల. రేపు పొద్దున ఖాదర్ బాషా అంగడికి రా. నేనొస్తా. చెప్పేది మాత్రం నువ్వే."

రొట్టె పెట్టలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఖాదర్ బాషా అంగట్లో బోరు మోటారు ఒకటి విప్పి ఉంది. రాగి తీగ చుట్టలు చుట్టలుగా కింద. ఇద్దరం కలిసి రావడం చూసి లేచి నిలబడ్డాడు.

చెప్పాను. ఎక్కడా తగ్గించలేదు. డిసెంబర్ మూడో తేదీ, బస్సు, ఫైలు, పదకొండు రోజులు. అతను అరుస్తాడని, కొడతాడేమోనని కూడా అనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"మా పాప వారం దినాలుగా సరిగ్గా అన్నం తినల్యా" అన్నాడు మెల్లగా. "మొన్న నన్ను అడిగింది, ఫారం నిజంగా సంతకం పెట్టి ఇచ్చినావా, లేక మర్సిపోయి ఇచ్చినానంటాండావా అని. నా బిడ్డ నన్ను నమ్మల్యా మేడం."

ఫారం చేతిలోకి తీసుకుని తన సంతకం మీద వేలు పెట్టాడు. పక్కనే ఇల్లు. "షిఫా, ఇట్ల రా" అని పిలిచాడు.

వచ్చింది. కాగితం చూపించాడు. "సూడు. నేను పెట్టినా."

ఆ పిల్ల తండ్రిని చూసి, తర్వాత నన్ను చూసింది. నా నోటితోనే చెప్పమని మేడం కళ్లతో అన్నారు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. క్లాసులో పాఠం చెప్పే గొంతు రాలేదు.

"నేను ఇచ్చిన దినం మీరు గుడ్ అన్నారు మేడం" అంది షిఫా. అంతే. లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి హరీష్‌కు చెప్పాను. చేతిలో ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు.

"చెప్పకుంటే ఎవురికి తెలిసేది?" అన్నాడు.

"నాకు తెలుసు కదా" అన్నాను. నాకు తెలిసే పదకొండు రోజులు నడిచింది. అది కూడా అన్నాను.

ఫిబ్రవరి 9, సోమవారం

కరస్పాండెంట్ సార్ దగ్గర ఫారం పెట్టాం. నేను చెప్పిందంతా విని తలుపు మూశారు.

"దొరికింది గదా, సంతోషం. ఆఫీసు బీరువా యనకాల పడిందని రాసిస్తే అయిపోతాది. నీ పేరు ఎందుకు దాంట్లో? నీ ఆర్డరు గూడ టైపు చేపిచ్చినా."

"బీరువా వెనక దొరికితే తప్పు మేడం మీదే ఉంటుంది సార్."

"ఆమె ఎట్లాగూ దిగిపోయింది గదమ్మా."

"దిగల్యా సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మనం దించినాం."

మేడం కిటికీ వైపు చూస్తున్నారు. నాకు సాయం రాలేదు, రావాల్సిన అవసరమూ లేదు. పెన్ను తీసుకున్నాను. చేతిరాతతో, తెలుగులో రాశాను. నా నిర్లక్ష్యం వల్ల విద్యార్థిని వివరాలు నమోదు కాలేదు, ఫారం దొరికిన తర్వాత కూడా నేను దాచి ఉంచాను, ఇందులో హెడ్‌మిస్ట్రెస్‌కు తెలిసి జరిగింది ఏమీ లేదు. ‘దాచి ఉంచాను’ దగ్గర పెన్ను ఆగింది. ఇంకేదైనా మాట ఉందా అని వెతికాను. ఉన్నాయి, చాలా ఉన్నాయి. అదే రాశాను.

సార్ ఆర్డరు కాగితం సొరుగులో వేసి మూశారు.

మేడం, ఖాదర్ బాషా, నేను ముగ్గురం నంద్యాల విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లాం. అధికారి నా కాగితం చదివి తలెత్తారు.

"రాసింది మీరేనా?"

"నేనే."

ఫారంతో కలిపి పిన్ను కొట్టి, పంపిస్తాం, హామీ ఇవ్వలేం అన్నారు. బయటికి వచ్చాక ఖాదర్ బాషా మేడంకు ఆటో మాట్లాడాడు. నేను నడిచి ఇంటికొచ్చాను.

ఫిబ్రవరి 12, గురువారం

విజయవాడ నుంచి ఏమీ రాలేదు.

ఫిబ్రవరి 14, శనివారం

రాలేదు. హరీష్ ఆరు రోజుల తర్వాత మాట్లాడాడు. గ్యాస్ బుక్ చేశావా అని.

ఫిబ్రవరి 17, మంగళవారం

స్టాఫ్ రూములో నేను వెళ్లగానే మాటలు ఆగుతున్నాయి. మేడం ఇప్పుడు నన్ను గీతా అనడం లేదు. గీతాంజలి టీచర్ అంటున్నారు.

పదో తరగతిలో షిఫా రోజూ వస్తోంది. అనుమతి రాకపోయినా నోట్సు రాసుకుంటోంది. ప్రశ్న అడిగితే లేచి జవాబు చెప్తుంది. జవాబు అయ్యాక కూర్చుంటుంది. ఆ పిల్ల పెన్ను కదులుతున్నంతసేపు నేను కిటికీ దగ్గరే నిలబడి పాఠం చెప్తున్నాను.

ఫిబ్రవరి 19, గురువారం

లేదు. మెయిల్ గంటకొకసారి చూస్తున్నాను. పాఠం మధ్యలో కూడా చూశాను.

ఫిబ్రవరి 23, సోమవారం

రెండో పీరియడ్‌లో మేడం తరగతి గుమ్మం దగ్గరకు వచ్చారు. చేతిలో కాగితం. షిఫా వైపు చూసి "వచ్చింది" అన్నారు.

క్లాసంతా అరిచింది. షిఫా అరవలేదు. బెంచీ మీద తల వాల్చేసింది. పక్క పిల్లలు వీపు నిమిరారు. నేను సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. ఆ గదిలో ఆ సంతోషం నాది కాదు.

మధ్యాహ్నం సార్ వచ్చారు. ముందు నా విషయం తేల్చేశారు. పరీక్షలయ్యేదాకా పదో తరగతికి చెప్పాలి, జూన్ నుంచి రానక్కరలేదు. సరేనన్నాను. తర్వాత మేడం లెటరు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది మీరు యనక్కు తీసుకోండి మేడం. జరిగిందేదో జరిగిపాయ."

మేడం తీసుకున్నారు. చింపుతారనుకున్నాను. పెన్ను తీసి, నేను కొట్టిన కారణం మీద అడ్డంగా గీత గీశారు. పక్కన తెలుగులో రాశారు: లెక్కబెట్టకుండా సంతకం పెట్టినందుకు.

"ఏప్రిల్ దాకా ఉంటా. పిల్లోల్ల రిజల్టు చూసుకోని పోతా" అన్నారు.

"తప్పు మీది కాదని తేలింది గద మేడం" అన్నాను నేను, ఉండబట్టలేక.

"నీ తప్పు నీదని తేలింది టీచర్. నాది నాకుండాది. ముప్పై ఏండ్లు పిల్లోల్లకు లెక్క సరిచూసుకోమని చెప్పి, నేను సరిచూసుకోల్యా. నేను దిగేది దానికి. మొన్న మీరు దించింది వేరే."

కాగితం మడిచి సార్‌కే తిరిగి ఇచ్చారు. సార్ ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నారు.

మార్చి 16, సోమవారం

ఈరోజు మొదటి పరీక్ష. నాకు డ్యూటీ ఏమీ లేదు. అయినా ఆరున్నర బస్సెక్కాను. రోడ్డు పక్కన శిల్పులు అప్పుడే షెడ్లు తెరుస్తున్నారు. రాళ్ల మీద ఉలి చప్పుడు మొదలైంది.

పరీక్ష కేంద్రం గేటు ఎదురుగా, రోడ్డుకు ఇవతల నిలబడ్డాను. లోపలికి పోవాలని కాదు. చూడాలని.

మేడం గేటు దగ్గర మా పిల్లల్ని వరసలో నిలబెట్టి లెక్కపెడుతున్నారు. వేలుతో ఒక్కొక్క తల మీద తాకుతూ. ముప్పై తొమ్మిది, నలభై. ఆగారు. సందు మలుపు వైపు చూశారు. నేనూ అటే చూశాను.

ఖాదర్ బాషా స్కూటరు వచ్చింది. వెనక షిఫా. రంజాన్ ఉపవాసాలు కదా, ఆ పిల్ల చేతిలో నీళ్ల సీసా లేదు. అట్ట ఒకటి, పెన్నులు, హాల్ టికెట్. తండ్రి ఏదో చెప్పాడు. తల ఊపింది. మేడం ఆ పిల్ల తల మీద వేలు పెట్టి నలభై ఒకటి అన్నారు. ఇంత దూరానికి వినిపించలేదు. పెదాలు కదలడం చూశాను.

లోపలికి తిరుగుతూ షిఫా రోడ్డు ఇవతలికి చూసింది. నన్ను చూసింది. ఆగింది. నేను చెయ్యి ఎత్తబోయి ఎత్తలేదు. ఆ పిల్ల నవ్వలేదు, తల ఊపలేదు, గుడ్ మార్నింగ్ అనలేదు.

గేటు దగ్గర మనిషికి హాల్ టికెట్ చూపించింది. అతను పేరు చూసి, ముఖం చూసి, దారి ఇచ్చాడు.

లోపలికి వెళ్లింది.